మూడోవాడి కుర్చీ

మా పొట్టోడు పరుగెత్తే రోజున నేను సెలవు పెట్టలేదు. పెడితే ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోవాలి. చప్పుడు లేని ఇంట్లో నా గుండె దడ నేనే వింటూ కూర్చోవడం కన్నా మిషన్ల మోతలో ఉండడమే నయమనిపించింది. రోజూలాగే తల దువ్వుకుని, రోజూలాగే బస్సెక్కి పనికి వెళ్లాను.

పొట్టోడంటే నా కొడుకు. చిన్నప్పుడు ఈడు పిల్లలందరికన్నా పొట్టిగా ఉంటే మా అత్తగారు పెట్టిన పేరది. ఇప్పుడు వాడు గుమ్మం దాటాలంటే తల వంచాలి. మనిషి పెరిగాడు గానీ పేరు పెరగలేదు. నేనూ వాడూ పక్కపక్కన నిలబడితే కొత్తవాళ్లు అక్కాతమ్ముళ్లా అని అడుగుతారు. నాకు నవ్వొస్తుంది, వాడికి సిగ్గు ముంచుకొస్తుంది. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా నా పుస్తకాల సంచి అటకెక్కింది. పెళ్లయింది. లోకం ఏమిటో తెలిసేలోపే వాడు ఒళ్లోకి వచ్చాడు.

వాడు పరుగెత్తేది ఒక చుట్టు పందెం. ట్రాకు చుట్టూ సరిగ్గా ఒక్క చుట్టు, ఎవరి గీతల మధ్య వాళ్లు, మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా ప్రాణం బిగబట్టి పరుగెత్తాలి. మొదటిసారి చూసినప్పుడు బయటి గీతలవాళ్లను ముందుకు జరిపి నిలబెట్టారని నేను గోల చేశాను. "ఇదేం న్యాయం సార్, వాళ్లని ముందు పెట్టి మావాణ్ణి వెనక పెట్టారు" అంటే కోచ్ సార్ నవ్వి, "బయటివాడికి వంపు పెద్దదమ్మా, అందుకు" అని నేలమీద పుల్లతో గీసి చూపించారు. అర్థమైనట్టు తలూపాను. అర్థమవడానికి ఏడాది పట్టింది.

ఈసారి పోటీ దేశదేశాల కుర్రాళ్లది. సెమీఫైనల్ దాకా వచ్చాడు. దాని ముందురోజు ఫోన్ చేశాడు.

"ఒక్క చుట్టేగా అమ్మా. నువ్వు సూదిలో దారం ఎక్కించేలోపు అయిపోతుంది."

"నేను ఒక్కోసారి దారం ఎక్కించడానికి పావుగంట తీసుకుంటాన్రా."

"అయితే నీకోసం ఇంకో చుట్టు తిరుగుతాలే."

వాడు నవ్వాడు గానీ వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ పరుగు మీద ఏం ఆధారపడి ఉందో కోచ్ సార్ ముందే చెప్పారు. వాడు క్రీడల హాస్టల్లో ఉండి, దానికి ఆనుకుని ఉన్న బడిలోనే చదువుకుంటున్నాడు. వచ్చే ఏడాది హాస్టల్లో మంచాలు తగ్గిస్తున్నారట. ఈ పోటీల్లో ఫైనల్‌కి చేరినవాళ్లని ఉంచుకుంటారు, మిగతావాళ్లని ఇళ్లకి పంపేస్తారు.

"పతకం తేవాలా సార్?" అన్నాను.

"అక్కర్లేదమ్మా. ఫైనల్లో నిలబడితే చాలు. ఆపైన నా చేతుల్లో ఏమీ లేదు."

ఆయన చేతుల్లోనే లేకపోతే ఇంక నా చేతుల్లో ఏముంటుంది? మా ఆయనతో చెబితే ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. ఆయన లారీ నడుపుతాడు. "వస్తే రానీవే. నా బండిలో క్లీనరుగా కూర్చుంటాడు, రెండేళ్లలో స్టీరింగ్ పట్టుకుంటాడు. నేను బతకట్లేదా?" అన్నాడు. ఆయన మాటలో చెడు లేదు. కానీ నాకు మా అటక కనిపించింది, దానిమీద ఇంకో పుస్తకాల సంచి కనిపించింది. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించడం మానేసింది.

"పందెం చూస్తావా?" అని అడిగాను ఆయన్ని.

"నేను చూడను. స్టీరింగ్ మీద చేతులు వణకకూడదు. అయ్యాక నువ్వు ఫోన్ చెయ్యి. పోతే చెయ్యకు, నాకు అర్థమైపోతుంది."

అలా చూసే పని నా ఒక్కదాని నెత్తిన పడింది.

మాది చొక్కాలు కుట్టే షెడ్డు. మధ్యలో ఒక రేకు గోడ. అటువైపు కటింగ్, ఇటువైపు కుట్టు. చొక్కాలకు చేతులు అతికించే పని నాది. కుడి చేతులు ఒక కుప్ప, ఎడమ చేతులు ఒక కుప్ప, మధ్యలో నేనూ నా మిషనూ. నా పక్క మిషను మీద కాజాలు కుట్టే ఆవిడ ఉంటుంది. చుట్టరికం ఏమీ లేదు గానీ నేను పిన్నీ అంటాను, ఆవిడ నన్ను ఏమే అంటుంది. అటువైపు కత్తెర బల్ల దగ్గర ఉండేది కటింగ్ అక్క. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, ఆవిడ కత్తెర ఆ రెండిటికన్నా పెద్దది.

మా సూపర్‌వైజరుకి మేం పెట్టుకున్న పేరు గడియారం. చేతికున్న వాచీ చూసుకోకుండా మాట్లాడడు. పనివేళలో ఫోను కనిపిస్తే సాయంత్రం దాకా ఆయన సొరుగులో ఉంటుంది. అందుకని ఏళ్ల తరబడి ఒక ఏర్పాటు నడుస్తోంది. ఆయన గది కటింగ్ వైపు ఉంది. ఆయన మావైపు బయల్దేరాడంటే కటింగ్ అక్క ఇనప బల్లమీద కత్తెరతో టక్ టక్ మని కొడుతుంది. ఎన్ని మిషన్లు మోగుతున్నా ఆ చప్పుడు వినబడుతుంది. వినబడగానే మా చేతులు మమ్మల్ని అడక్కుండానే ఫోన్లు దాచేస్తాయి.

సెమీఫైనల్ పరుగులు మూడు. ఒక్కోదాంట్లో మొదటి ఇద్దరూ నేరుగా ఫైనల్‌కి వెళ్తారు. మిగిలినవాళ్లందరిలో తక్కువ సమయంలో వచ్చినవాళ్లు మరో ఇద్దరు. మా వాడిది మొదటి పరుగు. అదృష్టం కొద్దీ అది టీ విరామంలో పడింది. అందరం నా మిషను చుట్టూ మూగాం. అటువైపు కటింగ్ అక్క ఫోను చుట్టూ ఆ వైపు వాళ్లు మూగారు.

తెరమీద మా వాడు కనిపించాడు. పేరు చదివినప్పుడు చెయ్యెత్తాడు. చెయ్యెత్తడం ఎప్పుడు నేర్చుకున్నాడో! నడుం మీద బట్ట సరిచేసుకున్నాడు. బెదిరినప్పుడు చిన్నప్పటి నుంచీ అదే పని.

"ఎంత పొడుగయ్యాడే! ఈ పొడుగుకి పొట్టోడేంటే, నవ్వుతారు" అంది పిన్ని.

"నువ్వు ముందు కాస్త వంగు పిన్నీ, మాకు నీ కొప్పే కనిపిస్తోంది" అన్నారు వెనకనుంచి.

తుపాకీ పేలింది. మా వాడు లేచాడు. లేచిన తీరు చూస్తే వెనక నుంచి ఎవరో తోసినట్టుంది. మొదటి వంపు తిరిగేసరికే పక్కవాణ్ణి అందుకున్నాడు. అవతలి వైపు తిన్నటి దారిలో అందరికన్నా ముందున్నాడు. భుజాలు కదలట్లేదు, తల కదలట్లేదు. వాడు అలా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. పిన్ని నా చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది.

అప్పుడు రేకు గోడ అవతల నుంచి ఒక్కసారిగా వినబడింది.

"అయ్యో!"

ఒక గొంతు కాదు, కటింగ్ వైపు వాళ్లందరి గొంతూ. ఆ తర్వాత చప్పుడు లేదు.

నా ఫోన్లో మా వాడు ఇంకా ముందే ఉన్నాడు.

"వాళ్లెవరో టీ ఒలకబోసుకుని ఉంటార్లే" అంది పిన్ని. ఆ మాట ఆవిడే నమ్మినట్టు లేదు.

నాకు అర్థమైంది. కటింగ్ అక్క ఫోను కొత్తది, నెట్టు వేరే కంపెనీది. వాళ్ల ఫోనులో ముందొస్తోంది, నా ఫోనులో వెనక వస్తోంది. అంటే మా వాడికి ఏదో అయిపోయింది. నాకు మాత్రం ఇంకా అవలేదు. తెరమీద వాడు ఇంకా ఎంత బాగా పరుగెత్తుతున్నాడో! ఫోను బోర్లా పెట్టేద్దామనుకున్నాను. పెడితే ఏం, జరిగింది జరగకుండా పోతుందా? అయినా చెయ్యి లేచింది. పిన్ని ఆపింది.

"చూడవే. నువ్వు చూడకపోతే వాడొక్కడే అయిపోతాడు."

చూశాను. రెండో వంపు దాటి చివరి తిన్నటి దారిలోకి రాగానే వాడి మెడ నరాలు బిగుసుకున్నాయి. కాళ్లు లేస్తున్నాయి గానీ ముందుకు పడట్లేదు. బురదలో నడుస్తున్నవాడిలా అయ్యాడు. ఒకడు దాటాడు. ఇంకొకడు దాటాడు. మూడోవాడు కూడా పక్కకి వచ్చేశాడు. గీత దగ్గర మా వాడు ఛాతీ ముందుకు విసిరాడు, ఆ విసురుకి పడబోయి నిలబడ్డాడు. మూడో స్థానం.

రేకు గోడ చివర్నుంచి కటింగ్ అక్క తల కనిపించింది.

"మూడోవాడేనే! పోలేదు, ఇంకా ఉంది. సమయం బాగుందట, తర్వాతి రెండు పరుగులూ చూడాలట."

"మీరు ముందే అరిచేస్తే నేనెలా చూడాలక్కా?"

"మా ఫోన్లో ముందొస్తే నన్నేం చెయ్యమంటావే? దానికి బ్రేకు వెయ్యనా?"

"మంచైనా చెడైనా ఇంక నోరు విప్పకండి. ఒక్కరు కూడా. నాకొచ్చి చెప్పకండి కూడా. దణ్ణం పెడతాను."

"సరే తల్లీ, నోట్లో గుడ్డ కుక్కుకుంటాం. ఇక్కడ గుడ్డలకేం కొదవ" అని వెళ్లిపోయింది. కోపం రాలేదు ఆవిడకి. నా ముఖం అలా ఉండి ఉంటుంది.

తెరమీద ట్రాకు పక్కన రెండు కుర్చీలు చూపించారు. నేరుగా ఫైనల్‌కి వెళ్లనివాళ్లలో సమయం బాగున్న ఇద్దరు అక్కడ కూర్చుని చూడాలట. మా వాణ్ణి మొదటి కుర్చీలో, నాలుగో స్థానంలో వచ్చినవాణ్ణి రెండో కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరో మా వాడి భుజాల మీద తువాలు కప్పారు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, బడిలో పెద్దసారు గది బయట కూర్చున్న పిల్లాడిలా కూర్చున్నాడు.

టీ విరామం అయిపోయిన గంట మోగింది. గడియారం వచ్చాడు. "టీలు అయ్యాయా, కాపురాలు ఇక్కడే పెట్టారా?" అని వాచీ చూసుకుని, అందరూ లేచేదాకా నిలబడి వెళ్లాడు.

రెండో పరుగు పని చేస్తూనే చూశాను. ఫోన్ని పెద్ద దారపు కండె వెనక ఆనించి, గొంతు తగ్గించి, చేతులు కుడుతూ, కన్ను అటు వేస్తూ. కటింగ్ వైపు నుంచి చప్పుడు లేదు. మాట నిలబెట్టుకున్నారు. కానీ చప్పుడు లేకపోవడం కూడా బాగాలేదు. అరిస్తే ఒక బాధ. అరవకపోతే, వాళ్లందరికీ తెలిసిపోయింది, నాకే తెలియలేదు అని ఇంకో బాధ.

రెండో పరుగులో మూడోవాడు మా వాడికన్నా కొంచెం ముందొచ్చాడు. తెరమీద సమయం పడగానే రెండో కుర్చీలోవాడు లేచి వెళ్లిపోయాడు, మా వాడు ఆ కుర్చీలోకి జరిగాడు. కొత్తవాడు వచ్చి మొదటి కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"ఇంకొక్కడు వీడికన్నా ముందొస్తే?" అంది పిన్ని, కాజా కుడుతూ.

"ఆ కుర్చీ ఖాళీ చెయ్యాలి పిన్నీ."

"మరి రాకపోతే?"

"హాస్టల్లో మంచం ఉంటుంది."

పిన్ని తన ఫోను కూడా బయటికి తీసింది.

మూడో పరుగు. కుర్రాళ్లని వరసగా చూపించారు. ఒకడు ఛాతీ కొట్టుకున్నాడు, ఒకడు కళ్లు మూసుకున్నాడు. మూడో గీతల్లో ఒక పీలపిల్లాడు, చెవులు రెండూ బయటికి వచ్చి ఉన్నాయి. వాడు కెమెరా వైపు చూసి, చెయ్యి ఊపడానికి మొహమాటపడుతున్నట్టు నాలుగు వేళ్లు మాత్రం ఆడించాడు. అది లోకానికి కాదు, ఎవరో ఒక్క మనిషికి.

పేలింది. నా మిషను మీద కుడి చెయ్యో ఎడమ చెయ్యో తెలియని ఒక గుడ్డ నడుస్తోంది. అవతలి వైపుకి వచ్చేసరికి ఇద్దరు బాగా ముందున్నారు. వాళ్లతో నాకు గొడవ లేదు, వాళ్లు ఎలాగూ వెళ్లిపోతారు. వాళ్ల వెనక మూడోవాడు ఆ చెవుల పిల్లాడు. చిన్న చిన్న అడుగులతో, పళ్లు బిగించి, వస్తూనే ఉన్నాడు. మిగతావాళ్లు ఎక్కడో ఉన్నారు. వీడొక్కడే.

వీడు ఆగితే చాలు అనుకున్నాను. ఆగకపోతే పడితే చాలు. పడరా. నువ్వు పడు.

పైకి అనలేదు. పెదవి కూడా కదపలేదు. మిషను తొక్కుతూ, కళ్లు వాడి కాళ్ల మీద పెట్టి, లోపల అదే మాట అంటూనే ఉన్నాను.

టక్ టక్.

నా చెయ్యి నన్ను అడగలేదు. ఫోను ఎడమ చేతుల కుప్ప కిందికి వెళ్లిపోయింది. తల వంగింది. నా పక్కన పిన్ని ఫోను ఎటు పోయిందో, వెనక వాళ్లవి ఎటు పోయాయో, ఒక్క క్షణంలో షెడ్డంతా ముంచుకొచ్చిన పనిలా మోగింది. కుప్ప కింద నుంచి పందెం చెప్పే ఆయన గొంతు సన్నగా వినబడుతోంది. ఆ గొంతు పెరిగింది. ఇంకా పెరిగింది. ఒక్కసారి ఆగిపోయింది. ఏమైంది? ఎవరు? ఆ గుడ్డల కుప్ప నాకు జానెడు దూరంలో ఉంది. చెయ్యి చాపితే చాలు. కానీ గడియారం బూట్లు నా మిషను పక్కన వచ్చి ఆగాయి.

ఆగి, కదలట్లేదు.

"ఏమ్మా" అన్నాడు.

"సార్."

"కుడి చెయ్యి ఎడమవైపు కుడుతున్నావు."

"విప్పేస్తాను సార్."

"అది కాదమ్మా..."

"సాయంత్రానికి నా పని పూర్తి చేసే వెళ్తాను సార్."

ఆయన వాచీ చూసుకున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. నేను అడ్డదిడ్డంగా కుడుతూనే ఉన్నాను. కుప్ప కింద గొంతు ఇప్పుడు మెల్లగా, మర్యాదగా ఏదో చెబుతోంది. చావు కబురు చెప్పేవాళ్లలా.

"మిషను ఆపమ్మా తల్లీ" అన్నాడు గడియారం. "అటు వైపు అందరూ ఒక ఫోను చుట్టూ నిలబడి ఉన్నారు. నేను లోపలికి వస్తే దాచను కూడా దాచలేదు. ఏమైందమ్మా అంటే ఒక్కరూ నోరు విప్పరు. నువ్వు చెప్పొద్దన్నావట, ఆ ఒక్క మాటే అన్నారు. నేనే వంగి చూశాను. చూసి, నీకు చెబుదామని వస్తే నువ్వేమో తలెత్తవు."

మిషను ఆగింది. నేను ఆపానో, అదే ఆగిందో.

"మీవాడు ఫైనల్‌కి వచ్చాడు."

ఆ తర్వాత ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను. పిన్ని నా మీద పడింది. కటింగ్ వైపు వాళ్లు నోళ్లలో గుడ్డలు తీసేసినట్టు ఒక్కసారి విరుచుకుపడి రేకు గోడ చుట్టూ తిరిగి వచ్చారు. కటింగ్ అక్క, "ఆయన ఇటు తిరగ్గానే అలవాటు కొద్దీ కత్తెర కొట్టేశానే, చెయ్యి పడిపోను!" అని ఏడుస్తూ నవ్వుతోంది. గడియారం వాచీ చూసుకుని, "ఐదు నిమిషాలు" అన్నాడు. ఆయన ఎవరికీ ఎప్పుడూ ఐదు నిమిషాలు ఇవ్వలేదు.

నేను కుప్ప కిందనుంచి ఫోను తీశాను.

తెరమీద ఆ చెవుల పిల్లాడు ట్రాకు మీద పడి ఉన్నాడు. రెండో వంపు దగ్గర, తన గీతల మధ్యే. ఒక కాలు మడిచి, తొడ వెనక రెండు చేతులూ వేసి పట్టుకుని. నోరు తెరుచుకుని ఉంది గానీ అరుస్తున్నట్టు లేదు. తర్వాత అదే మళ్లీ మెల్లగా చూపించారు. పరుగెత్తుతూ పరుగెత్తుతూ ఒక అడుగు దగ్గర వాడి ముఖం మారిపోయింది. చెయ్యి వెనక్కి వెళ్లింది. ఒంటికాలిమీద రెండు గెంతులు, ఆపైన నేల. మళ్లీ చూపించారు. ఇంకోసారి చూపించారు. వాడు పడ్డది ఒక్కసారే అయినా మాకు ఎన్నిసార్లో పడ్డాడు.

"పాపం, ఎవరి బిడ్డో" అంది ఎవరో. "పోన్లే, మనవాడికి దారి ఇచ్చాడు" అంది ఇంకెవరో. ఆ రెండో మాట నాకు చెంపమీద కొట్టినట్టు తగిలింది. నేను అనుకున్నదాన్ని అందరి ముందూ పైకి అన్నట్టు.

కటింగ్ అక్కని పక్కకి లాగాను.

"అక్కా, ఆ పిల్లాడు పడ్డప్పుడు గడియారం ఇంకా మీ దగ్గరే ఉన్నాడా?"

"పడడం చూశాకే కదే ఆయన ఇటు కదిలింది. ఎందుకూ?"

"ఊరికే."

ఊరికే కాదు. లెక్క వేసుకున్నాను. వాళ్ల ఫోన్లో వాడు పడ్డాక ఆయన కదిలాడు, కదిలాక కత్తెర మోగింది. కత్తెర మోగేసరికి నా ఫోన్లో వాడు ఇంకా పరుగెత్తుతున్నాడు. అంటే నేను "పడరా" అనుకునేసరికే అక్కడ వాడు నేలమీద ఉన్నాడో, ఆఖరి అడుగులో ఉన్నాడో. నా మాట వాడికి తగల్లేదు. తగిలే వీలు లేదు. ఆ లెక్క రెండు మూడుసార్లు వేసుకున్నాను, ప్రతిసారీ సరిగ్గానే వచ్చింది. కానీ ప్రాణం కుదుటపడలేదు. తగలకపోతే మాత్రం నేను అనుకోలేదా?

మా ఆయనకి ఫోన్ చేశాను. మోగీ మోగకముందే ఎత్తాడు.

"చేశావంటే వచ్చాడన్నమాట!"

"వచ్చాడు."

అటునుంచి లారీ హారన్ పొడుగ్గా మోగింది. బండి పక్కకి ఆపాడట, ఎవరూ లేని రోడ్డు మీద మోగిస్తున్నాడు. "నాకు తెలుసే, నా కొడుకు! మరి ఏడుస్తున్నావేంటి?"

"ఏడవట్లేదు. దుమ్ము."

ఆ పిల్లాడి సంగతి ఆయనతో అనలేదు.

సాయంత్రం పని దిగి బస్టాపులో నిలబడ్డాక మా వాడు ఫోన్ చేశాడు. బస్టాపు పక్క గోడకి ఆనుకుని, రెండో చెవి మూసుకుని మాట్లాడాను.

"అమ్మా. చూశావా?"

"చూశాను నాన్నా. కాలు ఎలా ఉంది?"

"నాకేం? బాగానే ఉంది. కోచ్ సార్ ఫోన్ చేశారా? హాస్టల్లో ఉంచుతారట. పెద్దవాళ్లతో మాట్లాడేశారట."

"నిజంగానా?"

"నిజమే."

ఎన్ని రోజులుగా ఆ మాట కోసం చచ్చానో! ఆ మాట వచ్చింది, చెవిలో పడింది, లోపలికి దిగలేదు. వాడూ సంతోషంగా చెప్పలేదు.

"అమ్మా, వాణ్ణి నా ముందు నుంచే తీసుకెళ్లారు. చక్రాల మంచం మీద. నేను కుర్చీలో ఉన్నా. లేవాలో కూర్చోవాలో తెలీలేదు. లేస్తే కుర్చీ పోతుందేమో అనిపించింది. పిచ్చి కదా?"

"పిచ్చేం కాదు."

"వాడు నన్ను చూశాడమ్మా. నన్ను కాదు, కుర్చీని చూశాడు."

పక్కన ఎవరో బస్సు కోసం తొంగి చూస్తూ నా భుజాన్ని తోశారు.

"నేను వాడు వెనకబడాలని అనుకున్నా" అన్నాడు, గొంతు తగ్గించి. "పడాలని కాదు. వెనకబడితే చాలని. కుర్చీలో కూర్చుంటే ఇంకేం చెయ్యడానికీ ఉండదమ్మా. అదొక్కటే చెయ్యగలం."

"అందరూ అనుకుంటార్రా."

"నువ్వు కూడా అనుకున్నావా?"

అడుగుతాడని తెలుసు. అడిగితే ఏం చెప్పాలో బస్టాపుకి నడిచినంత సేపూ ఆలోచించుకున్నాను. అయినా అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది.

"అనుకున్నాను."

"వెనకబడాలనా?"

"ఊఁ" అన్నాను. నిజంలో సగం.

వాడు "రేపు చూస్తావుగా?" అన్నాడు.

"మా సూపర్‌వైజరు తన గదిలో కంప్యూటర్లో పెడతానన్నాడు. అందరం కలిసి చూడొచ్చట."

"గడియారమా? ఆయనేనా?"

"ఆయనే."

వాడు చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు విన్నాక నాకు భయం మొదలైంది. ఇవాళ్టి భయం కాదు, కొత్తది. రేపు ఎనిమిదిమంది. మంచం మాట తేలిపోయింది కాబట్టి నాకు రేపు ఏమీ అక్కర్లేదు, వాడు చివర వచ్చినా చాలు. కానీ మిగతా ఏడుగురికీ ఎక్కడో ఒక తల్లి ఉంటుంది. ఏ షెడ్డులోనో, ఏ వంటింట్లోనో, గుడ్డల చాటునో గిన్నెల చాటునో ఫోను పెట్టుకుని, పెదవి కదపకుండా చూస్తూ ఉంటుంది. వాళ్లకి మా వాడు ఎవడు? దారికి అడ్డంగా ఉన్న ఒక పొడుగాటి కుర్రాడు. వాళ్లని నేను ఏమనగలను? ఎవరి కాళ్లు పట్టుకుని బతిమాలగలను?

"రేపు మెల్లగా పరిగెత్తరా" అన్నాను.

"ఏంటీ?"

"మెల్లగా. మెల్లగా వెళ్లి మెల్లగా రా."

"అమ్మా, అది పరుగు పందెం!" అని పకపకా నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. "ఏమైందే నీకు?"

"ఏం లేదు. తిని పడుకో."

"పిలుస్తున్నారు, భోజనానికి. ఉంటా" అన్నాడు గానీ ఫోను కట్టెయ్యడం మర్చిపోయినట్టున్నాడు. వాడు నడుస్తున్న చప్పుడు, ఒక తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడ్డాయి. ఆ వెంటనే ఒక గది నిండా కుర్రాళ్ల గొంతులు, కంచాల మోత, ఎవరో ఎవరినో పిలవడం, ఎవరో గట్టిగా నవ్వడం. ఆ భాషల్లో ఒక్క ముక్క నాకు అర్థం కాలేదు. రేపు వాడి పక్క గీతల్లో నిలబడేవాడు వాళ్లలో ఎవరో ఉండే ఉంటాడు.

నా బస్సు వచ్చింది. అందరూ ఎక్కారు. నేను ఫోను చెవికి ఆనించుకుని, కదిలితే ఎక్కడ తెగిపోతుందో అని, గోడకి అంటుకుని అలాగే వింటూ ఉండిపోయాను.